అక్టోబరు కత్తిరింపు మన తిరుపతి వానలకు సరిపడదు

ప్రశ్న: నాలుగేళ్ల కిందట చిక్కబళ్లాపురం నుంచి బంధువులు తెచ్చిచ్చిన ద్రాక్ష తీగను ఇంటి ముందు పందిరికి పాకించాను. నల్లద్రాక్ష, గింజ ఉంటుంది. వీడియోల్లో చూసి ఏటా అక్టోబరు మొదట్లో కొమ్మలు కత్తిరిస్తున్నాను. పూత బాగానే వస్తోంది. నవంబరులో ఆకుల మీద పసుపు మచ్చలు పడి, పూత, పిందె మాడి రాలిపోతున్నాయి. మిగిలిన నాలుగు గుత్తులూ ఒకటే పులుపు. కాపు నిలిస్తే ఇంట్లోనే వైన్ చేద్దామని పిల్లలు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా

జవాబు: మీ తీగకు వచ్చిన ఇబ్బంది కత్తిరింపు తేదీతోనే మొదలైంది. అక్టోబరు కత్తిరింపు మహారాష్ట్రలో, హైదరాబాదు చుట్టుపక్కల నడిచే లెక్క. అక్కడ ఆ నెలకు వానలు తగ్గుముఖం పడతాయి. పొడి చలిలో పూత, పిందె నిలబడి ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకు వస్తాయి. మనకు ఈశాన్య రుతుపవనాలు అప్పుడే మొదలవుతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే రోజుల తరబడి ముసురు వదలదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మీరూ చూసే ఉంటారు. మీ తీగ లేత చిగురు, పూత సరిగ్గా ఆ ముసురులో చిక్కుకుంటున్నాయి.

మీరు చెప్పిన మచ్చలు బూజు తెగులువి. ఈసారి మచ్చ కనబడితే ఆకు తిప్పి చూడండి. పైన నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చ, సరిగ్గా దాని కిందే తెల్లటి బూజు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. తడి ఆరని ఆకుల మీద ఇది గంటల్లో అంటుకుంటుంది, పూగుత్తినీ మాడ్చేస్తుంది. వాన మధ్యలో ఎన్ని మందులు కొట్టినా డబ్బు ఖర్చే తప్ప పూత దక్కడం కష్టం.

కాబట్టి ఈ ఏడాది అక్టోబరులో కత్తెర పక్కన పెట్టండి. డిసెంబరు చివర, ఇంకా ముసురుగా ఉంటే జనవరి మొదటి వారంలో కత్తిరించండి. పెన్సిల్ లావు ఉండి, బెరడు గోధుమ రంగుకు తిరిగిన కొమ్మలనే కాపు కొమ్మలుగా ఎంచుకోండి. ఒక్కోదానికి 4, 5 కళ్లు (చిగురు పుట్టే కణుపు మొగ్గలు) ఉంచి పై భాగం తీసేయండి. సన్నవి, ఇంకా పచ్చగా ఉన్నవి మొదలు దగ్గర ఒకటి రెండు కళ్లకు కుదించండి. కత్తిరించడానికి వారం ముందు నీళ్లు ఆపండి. చిగుళ్లు త్వరగా రావాలని హైడ్రోజన్ సైనమైడ్ పూయమని ఎవరైనా చెబితే వద్దనండి. అది విషం. పూసిన మనిషి ఆ తర్వాత మద్యం తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి పందిరికి అంత అవసరం లేదు.

కత్తిరించిన వెంటనే 1 శాతం బోర్డో మిశ్రమం కొట్టండి. 10 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం. రెండూ ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి కలపాలి, ఇనుప పాత్ర వాడకూడదు. కలిపాక శుభ్రమైన ఇనుప కత్తిని ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద రాగి రంగు పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం సున్నపు తేట పోయండి. అలాగే కొడితే ఆకు మాడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పాత ఆకులను కాపాడుకోవడానికీ ఇదే మందు, వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా కొట్టండి. ఆ ఆకులు బాగుంటేనే కొమ్మలో బలం నిల్వ ఉంటుంది.

ఎరువు విషయంలో ఒక్క మాట. ఆకు గుబురుగా వస్తోందని యూరియా మీద యూరియా వేయకండి. తీగ పెరుగుతుంది గానీ కాపు రాదు. బాగా చివికిన పశువుల ఎరువు చాలు. పొటాష్ వేసేటప్పుడు సల్ఫేట్ రూపంలో ఉన్నదే అడగండి, ద్రాక్షకు క్లోరైడ్ పడదు.

ఇక పులుపు. నొక్కితే గుజ్జు బయటికి జారిపోయి తొక్క వేళ్ల మధ్య మిగులుతుంటే మీది బెంగళూరు బ్లూ రకమే అయి ఉండాలి. చిక్కబళ్లాపురం ప్రాంతంలో ఎక్కువగా సాగు చేసేది ఇదే. దీనికి సహజంగానే పులుపు ఎక్కువ, పైగా మీరు తొందరపడి కోసి ఉంటారు. తోతాపురిని కోసి మాగబెట్టినట్టు ద్రాక్షను మాగబెట్టలేం. తీగ నుంచి కోశాక అందులో తీపి చుక్క కూడా పెరగదు. నల్లబడిన తర్వాత కూడా రెండు మూడు వారాలు ఆగండి. గుత్తి చివరి కాయ కొరికి చూడండి, గింజ గోధుమ రంగుకు తిరిగి ఉండాలి. కోతకు వారం ముందు నీళ్లు తగ్గించండి. జనవరిలో కత్తిరించిన తీగ మే నెలలో కోతకు వస్తుంది, అప్పటి ఎండ తీపికి మేలే చేస్తుంది.

వైన్ సంగతి సూటిగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, చట్టం లెక్కలో వైన్ కూడా మద్యమే. అమ్మం, ఇంట్లోకే అన్నంత మాత్రాన తయారీకి లైసెన్సు అక్కర్లేదని కాదు. పిల్లల సరదాకు మీరు కేసులో ఇరుక్కోవడం నాకు ఇష్టం లేదు.

అయినా అడిగారు కాబట్టి అందులో జరిగేది తెలుసుకోండి. రసంలోని చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు గాలి వదులుతుంది. నూటికి 18 పాళ్లు చక్కెర ఉన్న రసం నుంచి దాదాపు 10 శాతం ఆల్కహాలు వస్తుంది. మంచి వైన్ ద్రాక్షలో 22 నుంచి 24 పాళ్లు ఉంటుంది, బెంగళూరు బ్లూలో అంత ఉండదు. గాలి పోయే దారి లేక బిగించిన గాజు సీసాలు పేలి జనం గాయపడ్డ సందర్భాలున్నాయి. మూత తీసి వదిలేస్తే పులిసి వెనిగర్ అవుతుంది. పైగా మన మే నెల వేడికి గదిలోనే 35 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఈస్ట్ నీరసించి మధ్యలోనే ఆగిపోతుంది, రసం పాడవుతుంది. కోతకు దగ్గరలో గంధకం మందు కొట్టి ఉంటే కుళ్లిన గుడ్ల వాసన కూడా తోడవుతుంది. వైన్ కంపెనీలు చల్లబరిచే స్టీలు ట్యాంకులు పెట్టుకునేది ఈ వేడి భయంతోనే.

మీ పండుకు తగినది జ్యూస్. ఈ రకానికున్న ఘాటైన వాసన, ముదురు రంగు అందులో బాగా నిలుస్తాయి. కాయలు కడిగి, తొడిమలు తీసి, స్టీలు గిన్నెలో కొద్దిగా చిదిమి సన్న సెగ మీద పెట్టండి. మరగనివ్వకండి. వేలు పెట్టలేనంత వేడెక్కితే చాలు, తొక్కలోని రంగంతా రసంలోకి దిగుతుంది. పలుచటి గుడ్డలో వడకట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి. అడుగున ఇసుకలాంటి పలుకులు పేరుకుంటాయి. అవి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లపు లవణం, పురుగుమందు కాదు, భయం అక్కర్లేదు. పై తేట మాత్రం వంచుకుని, ముందే నీళ్లలో ఉడికించిన సీసాల్లో మెడ వరకు పోయండి. మూతలు బిగించి, సీసాలను మళ్లీ వేడి నీళ్లలో నిలబెట్టి 85 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. సీసాల కింద పాత గుడ్డ పరిస్తే పగలవు. తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి.