వాట్లు చూసి జత కుదర్చకండి

ప్రశ్న: ఈమధ్యే 5.1 హోమ్ థియేటర్ రిసీవర్ కొన్నాను. పెట్టె మీద ఛానల్‌కు 150 వాట్లని ఉంది. ముందువైపు రెండు నిలువు స్పీకర్లు పాతవే వాడుతున్నాను. వాటి వెనక 100 వాట్లు, 4 ఓమ్‌లు, 86 డీబీ అని రాసి ఉంది. రిసీవర్ వాట్లు ఎక్కువ కాబట్టి స్పీకర్లు కాలిపోతాయని మా ఫ్రెండ్ అంటున్నాడు. బేస్ కోసం సబ్‌వూఫర్ కూడా ఉంది. ఫైట్ సీన్‌లో సౌండ్ పెంచితే రిసీవర్ టక్కున ఆగిపోతోంది. ఏది మార్చమంటారు?

జవాబు: ప్రస్తుతానికి ఏదీ మార్చొద్దు. ముందు ప్లగ్ తీసేసి, రిసీవర్ వెనక టార్చ్ వేసి చూడండి. మా ఇంట్లో ఓసారి అచ్చం ఇలాగే ఆగిపోయేది. ఆంప్లిఫయర్లు విప్పి బిగించడమే నా పని కదా, పవర్ ట్రాన్సిస్టర్లు పోయాయనుకుని మూత ఊడదీసి ఒక ఆదివారమంతా పాడుచేసుకున్నాను. తీరా చూస్తే ఎర్ర టెర్మినల్‌లో దూర్చిన వైరు నుంచి వెంట్రుకంత రాగి పోగు ఒకటి బయటికొచ్చి పక్కనున్న నల్లదాన్ని తాకుతోంది! మీరూ వైర్ల కొనలు మళ్లీ మెలిపెట్టి బిగించండి.

ఇక ఆ 150 సంగతి. పెట్టె మీద పెద్దక్షరాలు చూసి మురిసిపోకండి, పక్కనున్న చిన్నక్షరాలు చదవండి. చాలాసార్లు అది 6 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డుకి కొలత) దగ్గర, ఒకే ఛానల్‌కి, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే సౌండ్ అంత చెడిపోయాక కొలిచిన లెక్క. మాన్యువల్‌లో ‘8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్లు’ అన్న వరుస ఉంటే అసలు బలం అక్కడ తెలుస్తుంది. ఐదు ఛానళ్లూ ఒకేసారి లాగితే అంత కూడా రాదు, అన్నిటికీ కరెంటు ఇచ్చేది ఒకే పవర్ సప్లై మరి.

కాలిపోవడం గురించి మీ ఫ్రెండ్ భయం పూర్తిగా తప్పని అనను. కానీ వాట్లు ఎక్కువున్నంత మాత్రాన స్పీకర్ కాలదు, వాల్యూమ్ ఎంత పెడితే అంతే వెళ్తుంది. శక్తి చాలని ఆంప్లిఫయర్‌ని గట్టిగా తోస్తే సౌండ్ తరంగం తలలు తెగిపోయి చదునవుతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు ట్వీటర్ మీద, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్ మీద భారం పెరుగుతుంది. సన్నటి కాయిల్ కదా, ముందు పోయేది అదే. సౌండ్ గరగరమంటే వెంటనే తగ్గించండి.

మీ స్పీకర్ల మీద నేను ముందు చూసేవి 4, 86 అన్న అంకెలు. ఆ 86 డీబీ స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే లెక్క, దాన్ని మామూలుగా 2.83 వోల్టుల దగ్గర, మీటరు దూరంలో కొలుస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి ఆ వోల్టేజీ అంటే ఒక వాటు. మీ 4 ఓమ్‌లకి రెండు వాట్లు. అంటే వాటుకి లెక్కేస్తే మీది 83 డీబీయే. సౌండ్ 3 డీబీ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. వాటుకి 89 డీబీ ఇచ్చే స్పీకర్‌కి 20 వాట్లు సరిపోయే చోట మీవి 80 అడుగుతాయి. పైగా అదే వోల్టేజీకి 8 ఓమ్‌ల స్పీకర్‌తో పోలిస్తే రెట్టింపు కరెంటు లాగుతాయి. వైర్లలో దోషం లేకపోతే ఫైట్ సీన్‌లో ఆగిపోవడానికి నా అనుమానం దీనిమీదే.

మందు సులువే. బేస్‌కే శక్తి బాగా ఖర్చవుతుంది. మెనూలో ఆ రెండు స్పీకర్లనీ ‘స్మాల్’ అని పెట్టి, క్రాస్ఓవర్ (బేస్‌ని సబ్‌వూఫర్‌కి మళ్లించే హద్దు) 80 హెర్ట్జ్ ఇవ్వండి. మైక్‌తో ఆటో సెటప్ చేస్తే నిలువు స్పీకర్లని చాలా రిసీవర్లు ‘లార్జ్’ అని రాసేసుకుంటాయి. ఎత్తుగా ఉన్నవాటిని స్మాల్ అనడానికి మనసొప్పదేమో గానీ, 80కి దిగువున్న బరువంతా సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ మోస్తుంది, రిసీవర్ ఊపిరి పీల్చుకుంటుంది. మీది సొంత ఆంప్లిఫయర్ ఉన్నదేనా? దాన్ని విడిగా కరెంటు ప్లగ్‌కి పెడుతున్నారంటే అదే.

మెనూలో 4 ఓమ్‌ల సెట్టింగ్ కనిపించి ఆశపడతారేమో. చాలా మోడళ్లలో అది వేడి తగ్గించడానికి వోల్టేజీని కోస్తుంది, బలం పెంచదు. మాన్యువల్‌లో 4 ఓమ్‌లు అసలు వద్దని ఉంటే మాత్రం, ముందు స్పీకర్లకి ప్రీ-అవుట్ (బయటి ఆంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) నుంచి వేరే పవర్ ఆంప్లిఫయర్ పెట్టుకోవడమే దారి. ప్రీ-అవుట్ లేని రిసీవరైతే అప్పుడు స్పీకర్ల మార్పు గురించి ఆలోచిద్దాం. వెనక స్పీకర్లు 8 ఓమ్‌లవి ఏవైనా పర్లేదు. సెంటర్ స్పీకర్ కొనేటప్పుడు మాత్రం ముందువాటి సిరీస్‌దే వెతకండి, డైలాగులన్నీ దాంట్లోంచే వస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా ఆగితే వాల్యూమ్ ఏ అంకె దగ్గర ఆగిందో, అప్పుడు రిసీవర్ మూత ఎంత వేడిగా ఉందో చూసి రాయండి.