తాగిన రోజు టీబీ మాత్ర మానేస్తే సరిపోతుందా?

ఏఆర్టీ (హెచ్ఐవీ మందులు) వాడుతున్నారు, టీబీ రాకుండా ఆరు నెలలు వేసుకోమని ఐఎన్‌హెచ్ మాత్రలు ఇచ్చారు, వచ్చే నెల తమ్ముడి పెళ్ళి. తాగిన రోజు మాత్ర మానేస్తే లివర్‌కి ఇబ్బంది ఉండదు కదా అని మీ ప్రశ్న.

ఉంటుంది. ఇది మన పాజిటివ్ వాళ్ళం ఎవరికి వాళ్ళం సొంతంగా కనిపెట్టుకున్న వైద్యం. లివర్ మీద దెబ్బ ఆ ఒక్క రాత్రిది కాదు, అలవాటుది. పైగా ఐఎన్‌హెచ్ మానినవాడు ఆ చేత్తోనే ఏఆర్టీ మాత్ర కూడా మానేస్తాడు. నేను చూసినవాళ్ళంతా అంతే.

నేను గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తాని. నాకు బాబాయి వరసయ్యే ఆయన అక్కడే ముఠా కూలీ. ఏఆర్టీ సెంటర్ లైన్లో ఎదురుపడేదాకా ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పొద్దస్తమానం మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసి, సాయంత్రం క్వార్టర్ పడందే ఆయనకి ఒళ్ళు నొప్పులు తగ్గవు. ఐఎన్‌హెచ్ మొదలుపెట్టేటప్పుడు కౌన్సెలర్ మేడం "తాగుతావా?" అంటే "అబ్బే, ముట్టనమ్మా" అన్నాడు. బయటికొచ్చాక అడిగాను, అదేంటి బాబాయ్ అని. "కిందటిసారి నిజం చెబితే లైన్లో అందరి ముందూ కడిగిపారేసిందిరా. ఈసారి మాత్రలే ఇవ్వనంటే?" అన్నాడు.

రెండు మూడు నెలలకి తిండి సయించడం మానేసింది. వాంతులు. గ్యాస్ అనుకుని ఆర్ఎంపీ దగ్గర మాత్రలు తెచ్చుకున్నాడు. మూత్రం పచ్చగా వస్తుంటే ఎండకి వేడి చేసిందని మజ్జిగ తాగాడు. కళ్ళు కూడా పచ్చబడ్డాక వాళ్ళావిడ ఎవరో చెప్పారని పసరు పోయించి, మణికట్టు మీద వాత కూడా పెట్టించుకొచ్చింది. ఇంత జరుగుతున్నా ఐఎన్‌హెచ్ మాత్రం రోజూ తప్పకుండా వేసుకుంటున్నాడు, గవర్నమెంటు మాత్ర మానకూడదని! క్వార్టర్ కూడా మానలేదు. నేను ఇంటికెళ్ళేసరికి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వాత పుండుపడి ఈగలు ముసురుతున్నాయి. "బాబాయ్, ఆ మాత్ర ఆపు ముందు" అంటే, "ఆపితే పేరు కొట్టేస్తారేమోరా" అంటాడు.

పేరు కొట్టెయ్యలేదు. డాక్టర్ అప్పటికప్పుడు ఐఎన్‌హెచ్ ఆపించి లివర్ టెస్టు చేయించాడు. మామూలుగా వాళ్ళు చూసే లెక్క ఇది: ఆ టెస్టులో ఎస్‌జీపీటీ అనే అంకె ఉండాల్సినదానికి 3 రెట్లు దాటి వాంతులు, కామెర్లు లాంటివి ఉన్నా, ఏ ఇబ్బందీ లేకపోయినా 5 రెట్లు దాటినా మాత్ర ఆపేస్తారు. బాబాయికి రెండూ ఎప్పుడో దాటిపోయాయి. కోలుకున్నాడు గానీ ఆ మాత్ర మళ్ళీ ఇవ్వలేదు.

ఈ కథ వినగానే "చూశావా, తాగేవాళ్ళకి ఇవ్వకూడదు" అనేవాళ్ళు తయారవుతారు. నేను ఒప్పుకోను. టీబీ ఎక్కువగా పట్టేదే తాగేవాణ్ణి. బాగా తాగేవాళ్ళకి ముప్పు దాదాపు మూడింతలని అంటారు, హెచ్ఐవీ ముప్పు దానికి అదనం. రేపు నిజంగా టీబీ వస్తే ఐఎన్‌హెచ్ ఒక్కటితో పోదు. రిఫాంపిసిన్, పైరజినమైడ్ కూడా కలుస్తాయి, మూడూ లివర్ మీద పడేవే. రిఫాంపిసిన్ వల్ల మన ఏఆర్టీలోని డోలుటెగ్రావిర్ మాత్ర పూటకొకటి చొప్పున రెండు వేసుకోవాలి. ఒక మాత్రకి భయపడి గుప్పెడు మాత్రలు తెచ్చుకోవడం ఇది. ఐవరీ కోస్ట్‌లో హెచ్ఐవీ ఉన్నవాళ్ళ మీద టెంప్రానో అని పెద్ద పరిశోధన జరిగింది. ఆరు నెలల ఐఎన్‌హెచ్ వేసుకున్నవాళ్ళలో చావులు 37 శాతం తగ్గాయని 2017లో తేల్చారు. రోజూ విపరీతంగా తాగేవాళ్ళకి, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి ఇవ్వరు, అది వేరే సంగతి. మిగతావాళ్ళని తిట్టి పంపడం కాదు, ముందు ఎల్ఎఫ్‌టీ (లివర్ టెస్టు) చేసి, మధ్యలో మళ్ళీ చేసి ఇవ్వాలి. అందరి ముందూ అడిగితే ఎవడు నిజం చెబుతాడు? నేను శనివారం శనివారం తాగుతానని తలుపేసి ఉన్న గదిలోనే చెప్పగలిగాను. ఆరు నెలలు తాగుడు ఆపమన్నారు, టెస్టులు చేయించారు, కోర్సు అయిపోయింది.

ఇంకో గొడవ దగ్గు. మాత్ర ఇచ్చే ముందు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు చెమటలు, ఈ నాలుగూ అడుగుతారు. మిర్చి యార్డులో దగ్గనివాడెవడు! ఘాటు వల్లేలెమ్మని మనమే సర్దిచెప్పేసుకోకూడదు, తెమడ పరీక్ష చేయించుకోవాలి. లోపల టీబీ ఉన్నవాడు ఐఎన్‌హెచ్ ఒక్కటే వేసుకుంటే క్రిములు మొండికేస్తాయి.

నరాలు దెబ్బతినకుండా ఐఎన్‌హెచ్‌తో పాటు ఇచ్చే బి6 మాత్రని బలం మాత్ర అనుకుని పారేసేవాళ్ళున్నారు. ఐఎన్‌హెచ్, తాగుడు, హెచ్ఐవీ మూడూ నరాల మీద దెబ్బే. అరికాళ్ళ మంటలు మొదలయ్యాక ఏడ్చి లాభం లేదు. కొన్నిచోట్ల ఇప్పుడు ఆరు నెలల ఐఎన్‌హెచ్ బదులు వారానికోసారి చొప్పున 12 వారాల కోర్సు ఇస్తున్నారు. అందులో రిఫాపెంటిన్ అనే మందు ఉంటుంది కాబట్టి మూత్రం ఎర్రగా వస్తుంది, అది కామెర్లు కాదు. కళ్ళు పచ్చబడినా, అన్నం సయించకపోయినా అప్పుడు లివర్‌ని అనుమానించాలి.

మీ పెళ్ళి సంగతి. కోర్సు ఒక నెల ఆగి మొదలుపెట్టొచ్చా అని డాక్టర్నే అడగండి, అడిగితే తప్పేం లేదు. మొదలుపెట్టాక మాత్రం ఆ పూట గ్లాసే పక్కన పెట్టండి. ఆగలేక తాగేసినా ఐఎన్‌హెచ్, ఏఆర్టీ ఏదీ సొంతంగా మానకండి, తర్వాతిసారి వెళ్ళినప్పుడు తాగానని చెప్పండి. రోజూ తాగే అలవాటుంటే ఒక్కసారిగా ఆపకండి, వణుకు, ఫిట్స్ రావచ్చు, అది కూడా డాక్టర్‌కి చెప్పే చేయాలి. సెంటర్‌లో అడగడానికి మొహమాటమైతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.