పాత రాజభవనంలో ల్యాబులు పెట్టొచ్చా?

రాజుల కాలంనాటి భవనం పరిశోధన సంస్థకు దక్కింది, సున్నపు గోడలు, అయిదు మీటర్ల ఎత్తు గదులు, ల్యాబులు అందులోనే పెట్టాలా, వేరే కట్టాలా అని కదా ప్రశ్న. సూక్ష్మమైన కొలతల పని పాత భవనంలో పెట్టండి. యాసిడ్లు, పొగలు మాత్రం ఆవరణలో కట్టే కొత్త బ్లాకుకు పంపేయండి.

బ్రిటన్‌లో నాలుగో విలియం, రాణి అడిలైడ్ కాపురమున్న బుషీ హౌస్‌లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ 1902లో మొదలైంది. అక్కడ భౌతికశాస్త్ర ల్యాబులు నేలమాళిగలోనూ కింది అంతస్తులోనూ, డైరెక్టర్ నివాసం పైన. మందపు గోడల మధ్య, భూమట్టం కింద ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది, నేల అదరదు. మన దగ్గరా మైసూరు రాజకుటుంబపు చెలువాంబ భవనం 1950లో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)కి చిరునామా అయింది.

ఇక ఫ్యూమ్ హుడ్, అంటే రసాయనాల పొగను బయటికి లాగేసే పెట్టె, లెక్క చూడండి. మీటరున్నర వెడల్పు హుడ్ ముందరి అద్దపు తలుపు అర మీటరు ఎత్తితే, సెకనుకు అర మీటరు వేగంతో గంటకు 1,350 ఘనపు మీటర్ల గాలి లాగుతుంది. 6×6×5 మీటర్ల గదిలో గాలంతా గంటకు ఏడున్నర సార్లు బయటికి పోయినట్టే. అంత గాలి లోపలికి ఇచ్చే ఏర్పాటు లేకపోతే గది తలుపు లాగినా రాదు, హుడ్ పనిచేయదు. ఇస్తే ఏసీ చల్లదనమంతా ఆకాశానికే. పైగా పొగ గొట్టం (డక్టు) కోసం కప్పుకు కన్నం.

చెమ్మ గోడకు సిమెంటు ప్లాస్టరు వేయకండి. లోపలి తేమకు దారి మూసుకుపోయి అది పైకి పాకుతుంది, ప్లాస్టరు అంచు మీద తెల్లగా ఉప్పు పూస్తుంది, ఆపై పెచ్చులు. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపిన పూతే మేలు. అరలను గోడకు బోల్టులతో బిగించకండి. బిగించేకొద్దీ కన్నం చుట్టూ సున్నం పొడిగా రాలుతుంది తప్ప పట్టు రాదు. బెంచీలు తమ కాళ్ల మీదే, గోడకు పది సెంటీమీటర్ల ఎడంగా నిలబడాలి.

పై అంతస్తు చెక్క దూలాల మీద ఉంటే బరువైన యంత్రాలు వద్దు. ఇళ్లకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం లెక్కేస్తారు, ల్యాబుకు 300 కావాలి.

నేలమాళిగకు ఒక్క గండం ఉంది, ద్రవ నైట్రోజన్. పది లీటర్లు ఒలికితే దాదాపు ఏడు ఘనపు మీటర్ల వాయువవుతుంది, చల్లగా ఉండి కిందే పేరుకుంటుంది. నలభై ఘనపు మీటర్ల గదిలో ఆక్సిజన్ 21 నుంచి 17 శాతానికి పడిపోతుంది, అలారం మోగాల్సింది 19.5 దగ్గరే. సెన్సర్ లోపల పెట్టినా, దాని దీపం మాత్రం మెట్లు దిగకముందే కనబడేలా తలుపు బయట ఉండాలి.