నేషనల్ మెరిట్ సీటుకి పనికొస్తుందా, ఫీజుకి పనికొస్తుందా?

మీరు అడిగినవి రెండు. అమెరికా కాలేజీ ప్రవేశాలకి రాసే శాట్‌లో పాపకి 1600కి 1530 వచ్చింది, మళ్ళీ రాయించాలా? హైస్కూల్ పిల్లలకి పీశాట్ స్కోరుని బట్టి ఇచ్చే నేషనల్ మెరిట్ గుర్తింపులో సెమీఫైనలిస్ట్ అయితే ఐవీల్లో (హార్వర్డ్‌లాంటి ఎనిమిది పేరున్న యూనివర్సిటీల్లో) సీటుకి బలం వస్తుందా? రెండోదానికే ముందు చెప్తాను, ఎక్కువమంది తల్లిదండ్రులు పొరబడేది అక్కడే. సీటుకి దాదాపు ఏమీ కలిసిరాదు. ఫీజులో మాత్రం బాగా కలిసిరావచ్చు, కానీ అది ఐవీల్లో కాదు.

ఎందుకంటే ఈ గుర్తింపు 11వ తరగతి అక్టోబరులో, శాట్‌కి ముందు దాని నమూనాలో రాసే పీశాట్ స్కోరు నుంచే పుడుతుంది. కాలేజీలో అడ్మిషన్ ఫైలు చదివేవాళ్ళ ముందు శాట్ 1530 ఎలాగూ ఉంటుంది. దానికి తమ్ముడిలాంటి పరీక్షలోనూ బాగా రాసిందంటే వాళ్ళకి కొత్తగా తెలిసేదేముంది? పైగా తేదీలు కూడా కుదరవు. సెమీఫైనలిస్టుల జాబితా 12వ తరగతి సెప్టెంబరులో వస్తుంది కాబట్టి నవంబరు 1 గడువుతో ముందుగా పెట్టే ఎర్లీ అప్లికేషన్‌లో ఆ మాట రాసుకోవచ్చు. కానీ ఫైనలిస్ట్ అన్న కబురు ఫిబ్రవరిలో గానీ రాదు. ఎర్లీ ఫలితాలు అప్పటికే డిసెంబరులో వచ్చేసి ఉంటాయి.

సెమీఫైనలిస్ట్ కటాఫ్ దగ్గర ఒక మెలిక ఉంది. వాళ్ళు చూసేది పీశాట్‌లో 1520కి వచ్చిన మొత్తం స్కోరు కాదు, సెలెక్షన్ ఇండెక్స్. రీడింగ్ అండ్ రైటింగ్ స్కోరుని రెండింతలు చేసి, మ్యాథ్ కలిపి, పదితో భాగిస్తారు. గరిష్ఠం 228. ఇద్దరు పిల్లలకి మొత్తం 1490 వచ్చిందనుకోండి. రీడింగ్ 760, మ్యాథ్ 730 అయితే ఇండెక్స్ 225. తిరగేసి రీడింగ్ 730, మ్యాథ్ 760 అయితే 222. 2026లో హైస్కూల్ ముగించే బ్యాచ్‌కి న్యూజెర్సీ కటాఫ్ 225. అంటే ఒకే స్కోరుతో ఒకరు లోపల, ఒకరు బయట. మన పిల్లలు మ్యాథ్‌లో గట్టి, రీడింగ్‌లో కాస్త అటూ ఇటూ అన్నది ఎక్కువ ఇళ్ళలో వినే మాటే కాబట్టి, పీశాట్‌కి తయారయ్యేటప్పుడు గంటలు రీడింగ్ మీదే పెట్టించండి. కటాఫ్ ఏటా మారుతుంది, రాష్ట్రాన్ని బట్టీ మారుతుంది. సెమీఫైనలిస్ట్ కంటే కింది గుర్తింపైన కమెండెడ్‌కి మాత్రం దేశమంతా ఒకటే కటాఫ్, అదే బ్యాచ్‌కి 210.

సెమీఫైనలిస్టులు సుమారు 16,000 మంది. అందులో దాదాపు 15,000 మంది ఫైనలిస్టులవుతారు. మిగిలినవాళ్ళలో కొందరు చేజేతులా పోగొట్టుకుంటారు. అప్లికేషన్ అక్టోబరులో స్కూల్ ద్వారా వెళ్ళాలి. ఎస్సే, ట్రాన్స్‌క్రిప్ట్, స్కూల్ సిఫారసుతోపాటు పీశాట్‌ని బలపరిచే శాట్ లేదా దాని బదులు రాసే యాక్ట్ స్కోరు అధికారికంగా పంపాలి. శాట్ పంపేటప్పుడు నేషనల్ మెరిట్ కోడ్ 0085. కాలేజీలకి పంపాం కదా అని దీన్ని మర్చిపోయేవాళ్ళున్నారు. 9వ తరగతి నుంచీ గ్రేడ్లు చూస్తారు, ఒకటి రెండు సీ గ్రేడ్లుంటే ఇబ్బందే.

ఇక డబ్బు. నేషనల్ మెరిట్ సంస్థ నేరుగా ఇచ్చేది ఒక్కసారికి 2,500 డాలర్లు. అసలు డబ్బు కాలేజీలు తమ ఫైనలిస్టులకి ఇచ్చే ప్యాకేజీల్లో ఉంది. అలబామా యూనివర్సిటీ, టెక్సస్ యూనివర్సిటీ డల్లాస్ క్యాంపస్ లాంటివి ట్యూషన్ మొత్తం భరించి, వసతికీ సాయం చేస్తాయని పేరు. ప్యాకేజీ వివరాలు మారుతుంటాయి, ఆ ఏటి పేజీ చూసుకోండి. షరతు ఏమిటంటే, నేషనల్ మెరిట్ పోర్టల్‌లో ఆ కాలేజీనే ఫస్ట్ చాయిస్‌గా పెట్టాలి. ఒక కాలేజీ అవార్డు ఇచ్చాక దాన్ని ఇంకో కాలేజీకి మార్చుకోలేరు. అందుకే సీట్లన్నీ తేలేదాకా తొందరపడకండి, గడువు మాత్రం దాటనివ్వకండి. ఎనిమిది ఐవీలూ, ఎంఐటీ మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం. అక్కడ 1600 వచ్చినా ఫీజు ఒక్క డాలరు తగ్గదు.

ఇప్పుడు 1530 సంగతి. ఎంసెట్‌లో మార్కు పెరిగితే ర్యాంకు పెరిగే లెక్క ఇక్కడ లేదు. స్కోరు ఒక గడప, దాటాక ఇంకో 30 పాయింట్లకి విలువ తక్కువ. మొత్తం కంటే విడివిడిగా ఎంతెంతో చూడండి. ఇంజనీరింగ్‌కి ఎంఐటీలాంటి చోటికి అప్లై చేస్తుంటే, అక్కడ చేరినవాళ్ళలో మధ్య సగం మంది మ్యాథ్ 780–800 మధ్య ఉంటుంది. 1530లో మ్యాథ్ 740 ఉంటే ఇంకోసారి రాయించొచ్చు. మ్యాథ్ 800, రీడింగ్ 730 అయితే నా ఓటు ఆపేయమనే. చాలా కాలేజీలు సూపర్‌స్కోర్ చేస్తాయి, అంటే వేర్వేరు సార్లు రాసినవాటిలోంచి ఒక్కో సెక్షన్‌కి ఎక్కువ వచ్చిన స్కోరు తీసి కలుపుతాయి, కాబట్టి మళ్ళీ రాస్తే ఆ ఒక్క సెక్షన్ మీదే దృష్టి పెడితే చాలు. జార్జ్‌టౌన్‌లాంటి కొన్ని చోట్ల మాత్రం రాసిన స్కోర్లన్నీ పంపమంటారు.

జాబితాలో ఏ కాలేజీలున్నాయన్నదీ ముఖ్యమే. ఎంఐటీ 2022లో, హార్వర్డ్, డార్ట్‌మత్, బ్రౌన్, కాల్‌టెక్ 2024లో పరీక్షని మళ్ళీ తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటించాయి. కొలంబియా ఐచ్ఛికంగానే ఉంచింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు సీటు నిర్ణయంలో శాట్‌ని అసలు చూడవు. మీ జాబితాలో సగం అవే అయితే ఆగస్టులో మళ్ళీ రాయించే పరీక్ష ఫీజు దండగ. ఐచ్ఛికమైన చోట కనిపించే సగటు స్కోర్లని చూసి బెంబేలెత్తకండి. తక్కువ వచ్చినవాళ్ళు పంపరు, అందుకే ఆ అంకెలు ఉబ్బి ఉంటాయి.

చాలా కాలేజీలకి ఒకే దరఖాస్తుగా పనిచేసే కామన్ యాప్‌లో ఆనర్స్‌కి (బహుమతులూ గుర్తింపులూ రాసేందుకు) ఐదే గళ్ళు, ఒక్కోదానికి 100 అక్షరాలు. ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లకి వచ్చే ఏపీ స్కాలర్ గుర్తింపు రాసి ఒక గడి వృథా చేయకండి, ఏపీ స్కోర్లు విడిగా రాసే చోటు వేరే ఉంది. సెమీఫైనలిస్ట్ రాయొచ్చు, కానీ పైన కాదు. ఏఐఎంఈ గణిత పోటీకి అర్హత, అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్ ఐసెఫ్ దాకా వెళ్ళిన ప్రాజెక్టు, రాష్ట్ర స్థాయి డిబేట్ బహుమతి ఉంటే అవి ముందు. స్కోరు చెప్పని విషయం అవి చెప్తాయి.

ప్రతి కాలేజీ పేరు పక్కన కామన్ డేటా సెట్ (కాలేజీ తన ప్రవేశాల అంకెలు ఒకే నమూనాలో ఇచ్చే పత్రం) అని వెతికి మూడు భాగాలు తెరవండి. సీ7లో దేనికెంత ప్రాముఖ్యం ఇస్తారో, సీ9లో స్కోర్ల పరిధీ, ఎంతమంది పంపారో, హెచ్2ఏలో ఆదాయంతో సంబంధం లేని స్కాలర్‌షిప్ ఎందరికి ఇచ్చారో ఉంటాయి. హెచ్2ఏలో సున్నా కనిపించిన కాలేజీకి స్కోరు పెంచి ఫీజు తగ్గించుకునే ఆలోచన వదిలేయొచ్చు.