ఇరవై ఏడు గళ్ల పట్టీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసంలో మొదటి వాక్యం కొట్టేయి. ‘27 రోజులకోసారి భూమికి అయస్కాంత తుఫాను వస్తుంది’ అనడానికి ఇది, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో రేగే ఈ అలజడి, పంచాంగంలో వేసే గ్రహణం కాదు.

మళ్లీ మళ్లీ వచ్చేది సూర్యుడి మీది కరోనల్ రంధ్రం, అంటే సూర్యుడి బయటి వాతావరణంలో పవనం సులువుగా బయటపడే చోటు. మామూలుగా సెకనుకు 300–400 కిలోమీటర్లుండే సౌరపవనం, అంటే సూర్యుడు వెదజల్లే విద్యుదావేశ కణాల ప్రవాహం, అక్కణ్ణుంచి 600 దాటి వస్తుంది. అది భూమిని తాకితేనే తుఫానుకు అవకాశం. భూమి నుంచి చూస్తే సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి సుమారు 27 రోజులు. ఈలోగా రంధ్రం మూసుకుపోకపోతే మళ్లీ మనకు ఎదురవుతుంది. 27 అనగానే నక్షత్రాలతో ముడిపెట్టబుద్ధవుతుంది. వద్దు. అది చంద్రుడి నడక, అంకె కలవడం కాకతాళీయం.

రంధ్రం సూర్యబింబం నడిమికొచ్చిన రోజే తుఫాను రోజు కాదు. పవనం మన దాకా రావాల్సిన 15 కోట్ల కిలోమీటర్లను 600తో భాగించు: రెండున్నర లక్షల సెకన్లు, దాదాపు మూడు రోజులు.

రాసే ముందు గళ్ల కాగితం తీసుకో. వరుసకు 27 గళ్లు, గడికో రోజు, అందులో ఆ రోజు గరిష్ఠ కేపీ సూచిక, అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో చెప్పే అంకె. అయిదారు వరుసలైనా ఉండాలి. జర్మన్ శాస్త్రవేత్త బార్టెల్స్ నాటి పద్ధతే, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. పెద్ద అంకెలు ఒకదాని కింద ఒకటి పడితే పునరావృతం ఉన్నట్టు: మార్చి 3, మార్చి 30, ఏప్రిల్ 26, ఒక రోజు అటూ ఇటూ. 2024 మే 10 లాంటి ఒంటరి పెద్ద అంకె సూర్యుడి విస్ఫోటనాలది. దాన్ని ఈ లెక్కలో కలపకు. తొమ్మిదేసి రోజులకు పడుతుంటే కంగారుపడకు, సూర్యుడి చుట్టూ మూడు రంధ్రాలు ఎడంగా ఉన్నట్టు. 2005లో అలాగే జరిగింది.

తేదీలు తప్పేది ఇక్కడే. కేపీ మూడేసి గంటలకు, అదీ అంతర్జాతీయ సమయంలో ఇస్తారు. రోజులోని చివరి విలువ మనకు మర్నాడు తెల్లవారుజామున 2:30 నుంచి 5:30 వరకు.

ఏ గంటకు, ఎంత బలంగా అన్నది పట్టీ చెప్పదు. పవనంతో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి వాలితేనే భూమి అయస్కాంత కవచం తెరుచుకుంటుంది. ఆ సంగతి మన సౌర పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1 ఉన్న చోట, భూమికి 15 లక్షల కిలోమీటర్ల ఎడంలో తెలిసేసరికి, వేగం 500 అయితే మిగిలేది 50 నిమిషాలు. అందుకే ‘ఫలానా రోజుల మధ్య అవకాశం’ అని రాయి. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు విషువత్తుల దగ్గర ఆ అవకాశం కాస్త ఎక్కువని కూడా చేర్చు.

పట్టీ గీసి పంపు. ప్రతి వరుస మొదటి తేదీ ఎడమ పక్కన వేయడం మరిచిపోకు.