ఓటు వేయడంలో ఆడవాళ్లు ముందున్నారు, మరి చట్టసభల్లో ఎందుకు లేరు?

మన దేశంలో ఇవి రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి, అందుకే ఇంత తేడా.

మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు ఓటర్ల జాబితాలో చేరలేదు. పేరడిగితే "ఫలానా వాళ్ల భార్యను", "ఫలానా వాళ్ల అమ్మను" అని మాత్రమే చెప్పారు మరి! 1962లో కూడా పోలింగ్‌లో మగవాళ్లకూ ఆడవాళ్లకూ దాదాపు 17 శాతం తేడా ఉంది. అది తగ్గుతూ వచ్చి, 2019, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆడవాళ్ల పోలింగ్ శాతమే కాస్త ఎక్కువైంది.

గెలిచినవాళ్లను చూస్తే మాత్రం బాధేస్తుంది. 2024లో 543 మందిలో మహిళలు 74 మందే, 2019లో గెలిచిన 78 మంది కన్నా తక్కువ. ఓటు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోటీ చేయాలంటే పార్టీ టికెట్ కావాలి, డబ్బు కావాలి, అర్ధరాత్రి దాకా సాగే మీటింగుల్లో కూర్చునే వీలుండాలి. టికెట్ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతున్నారని నా అభిప్రాయం.

పంచాయతీల్లో రిజర్వేషన్ ఉంది కాబట్టి అక్కడ పరిస్థితి వేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవే. భార్య సర్పంచ్ అయితే భర్త కుర్చీలో కూర్చోవడం, ఆమె సంతకం మాత్రం పెట్టడం ఇంకా చాలా ఊళ్లలో కనిపిస్తుంది. అయినా మొదట్లో మాట్లాడటానికే జంకినామె, రెండేళ్లకు మంచినీటి పైపు బిల్లు తనే చదివి అధికారిని నిలదీయడమూ ఉంది.

చట్టసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయిస్తూ 2023లోనే చట్టం చేశారు. కానీ అందులో రాసిన ప్రకారం జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అది అమలవుతుంది.