ముసురు పట్టిన రోజున పిట్టల్ని చూడాలంటే

అమ్మలూ,

సెలవులకి విశాఖ వస్తే ముసురు పట్టుకుందని దిగులు పడుతున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పిట్టల్ని చూడ్డానికి ఇదేం చెడ్డ రోజు కాదు. వాన జోరుగా ఉన్నంతసేపూ అవి ఆకుల చాటున తలదాచుకుంటాయి. తెరిపివ్వగానే ఆకలి మీద అన్నీ మేతకి దిగుతాయి. ఆ కాసేపే నీకు కావాల్సింది, వదులుకోకు.

ముందు పెరడు చూడు. మొక్కల దగ్గరికి వెళ్ళకుండా వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేసుకో. చలివానలో పిట్టకి ఒంట్లో వేడి నిలుపుకోవడమే పెద్ద పని. మనం బెదరగొట్టిన ప్రతిసారీ దాని ఓపిక కొంత కరిగిపోతుంది. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. జామకొమ్మ మీద పికిలిపిట్ట ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చుంటే వెంటనే జబ్బు చేసిందనుకోకు. ఈకల మధ్య గాలి నిలిస్తే ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. మందార వైపూ ఓ కన్నేసి ఉంచు. తేనెపిట్ట తడి ఆకులకి ఒళ్ళు రుద్దుకుంటూ, రెక్కలు టపటపలాడిస్తూ స్నానం చేస్తుంది. ఎంత చూసినా తనివి తీరదు.

గింజలు వేస్తే చూరు కింద పొడిచోట గుప్పెడు చాలు. తడిసి బూజు పడితే వాటికే ప్రమాదం, సాయంత్రానికి ఊడ్చెయ్.

వాన సన్నబడితే ముడసర్లోవ వెళ్ళు. రిజర్వాయర్‌లో 2018లో పెట్టిన తేలే సోలార్ పలకలున్నాయి కదా, వాటి అంచుల నుంచి మొదలుపెట్టి నీటి మీద మెల్లగా చూపు తిప్పు. నీటికాకి కనపడితే అక్కడే ఆగు. బాతు ఈకలు నీటిని ఆపినట్టు దాని ఈకలు పూర్తిగా ఆపలేవు, నానుతాయి. అందుకే అంత సులువుగా మునుగుతుంది. పైకొచ్చాక రెక్కలు రెండూ చాపి ఆరబెట్టుకుంటుంది. ఒడ్డున బురదలో గుడ్డికొంగ ఉన్నా ఆనవాలు చిక్కదు. ఎగిరిందా, తెల్లటి రెక్కలు తళుక్కుమంటాయి.

బీచ్‌లో సీగల్స్ చూస్తే తల గోధుమరంగులో ఉందా అని వెతక్కు. అలాంటి తల ఉండే రకానికి కూడా చలికాలంలో తల తెల్లబడి, కంటి వెనక నల్లమచ్చ మాత్రం మిగులుతుంది. లడఖ్, టిబెట్ వైపు ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి ఇటు వస్తాయవి. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం అటు వెళ్ళొద్దు. మామూలు రోజైనా తడి రాళ్ళ మీదికి దిగకు.

బైనాక్యులర్స్ 8×42 అయితే, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే, ముందు అద్దం 42 మిల్లీమీటర్లున్నవైతే, మబ్బు వెలుగులో బాగా పనికొస్తాయి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దాలకి ఆవిరి పట్టేస్తుంది, ముందే వరండాలో పెట్టు. చున్నీతో తుడవకు, గీతలు పడతాయి.

పేరు తెలియని పిట్ట కనపడితే ఫోటో కోసం దగ్గరికి పోవద్దు. ముక్కు ఎలా ఉంది, తోక ఆడిస్తోందా, నడుస్తోందా, గెంతుతోందా అని రాసుకో. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ